తాజా కలంలో దాక్కున్న అంశం

నెల్లూరు, మూలాపేట

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. ఆరు పేజీలూ రెండుసార్లు చదివాను. మూడు అంశాలు రాసి, పీహెచ్‌డీకి వీటిలో ఏది తీసుకోమంటారు టీచర్ అని అడిగావు. మూడూ వద్దు. మొహం ముడుచుకోకుండా చివరిదాకా చదువు. అరమండి (మోకాళ్ళు పక్కలకు వంచి నిలిచే భంగిమ) సరిగా కుదరలేదని పన్నెండేళ్ళ వయసులో నిన్ను గోడకు ఆనించి నిలబెట్టినదాన్ని, ఇప్పుడు మొహమాటపడతానా?

మొదటిది "కూచిపూడిలో భక్తి". అది అంశం కాదు, సముద్రం. సిద్ధేంద్రయోగి దగ్గర మొదలుపెడతావు, నారాయణతీర్థుల తరంగాల మీదుగా క్షేత్రయ్య పదాలకు వస్తావు, రెండు వందల పేజీలు నిండుతాయి. వాటిలో నువ్వు మాత్రం ఎక్కడా ఉండవు. నాకెలా తెలుసంటే నేను ఆ పనే చేశాను కనుక. ముప్ఫై ఆరో ఏట "కూచిపూడి అభినయంలో రససిద్ధాంతం" అని నమోదు చేయించుకున్నాను. పేరు గంభీరంగా ఉందని మా గైడుగారూ మురిసిపోయారు, నేనూ మురిసిపోయాను. నాలుగేళ్ళు ఆ పుస్తకంలోంచి ఈ పుస్తకంలోకి ఎత్తి రాయడమే సరిపోయింది. ఒక రాత్రి రాసిందంతా ముందేసుకుని చదివితే, జన్మలో గజ్జె కట్టని మనిషి కూడా దీన్ని రాయగలడు కదా అనిపించింది. నేల విడిచి సాము చేయడమంటే అదే. వదిలేశాను. కట్టిన ఫీజుల సంగతి మీ మాస్టారు ఇప్పటికీ భోజనాల దగ్గర గుర్తుచేస్తారు.

రెండోసారి ఎలా కుదిరిందో నీకెప్పుడూ చెప్పలేదు. పోటీలకు పిల్లల్ని తయారుచేసేటప్పుడు ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి ఆడే పావుగంట తరంగాన్ని ఏడు నిమిషాలకు కుదించేదాన్ని. నీ చేత కూడా చేయించాను. జతులు రాసుకున్న పాత నోటుపుస్తకంలో పెన్సిలుతో కొట్టేసి పక్కన "ఇక్కడ రెండు ఆవర్తాలు తీసేశాను", "చరణం ఒక్కసారే" అని రాసుకునేదాన్ని. ఏ పోటీకి, ఏ ఏడాది, ఎన్ని నిమిషాలు, అన్నీ అందులో ఉన్నాయి. ఒకరోజు బీరువా సర్దుతూ తిరగేస్తే కంటికి ఆనింది. పదిహేడేళ్ళలో పళ్ళెం అంచు పట్టుకునే కాలివేళ్ళ పనిని ఒక్కసారి కూడా తగ్గించలేదు, చప్పట్లు అక్కడే పడతాయి కనుక. తగ్గించిందల్లా సంచారి, అంటే పాటలోని కథను అభినయంతో విప్పి చూపే భాగం. వెన్న దొంగిలించడం మొదట పోయింది, తరవాత యశోద పోయింది, చివరికి పళ్ళెం మిగిలింది, కృష్ణుడు పోయాడు. చేసింది ఎవరో కాదు, నేనే. ఆ కొట్టివేతలే నాకు ఆధారాలయ్యాయి. అవి నా బీరువాలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేవు.

నీ మూడు అంశాలకూ నేను పెడుతున్న పరీక్ష అదే. నీ చేతికి మాత్రమే అందేది అందులో ఏముంది?

రెండో అంశం నృత్తరత్నావళి. కాకతీయ గణపతిదేవుడి గజసాహిణి (ఏనుగుల దళపతి) జాయప 13వ శతాబ్దంలో రాసిన ఎనిమిది అధ్యాయాల గ్రంథం. మొదటి నాలుగు మార్గం (శాస్త్ర సంప్రదాయం), తరవాతి నాలుగు దేశి (ప్రాంతీయ నృత్యాలు). పేరణి, రాసకం, చర్చరి లాంటివి ఆ రెండో సగంలో వస్తాయి. చేస్తే బంగారం లాంటి పనే. కానీ మూలం సంస్కృతం. రాళ్ళపల్లి వారి తెలుగు అనువాదం పక్కన పెట్టుకుని చదువుతాను అన్నావు. తప్పు లేదు, చదువు. అయితే అనువాదం మీద ఆధారపడి మూలం గురించి వాదించకూడదు. వైవాలో (మౌఖిక పరీక్షలో) ఒక్క శ్లోకానికి అన్వయం చెప్పమంటే నీ గొంతులో పచ్చి వెలక్కాయ పడుతుంది. రెండేళ్ళు సంస్కృతం నేర్చుకునే ఓపిక ఉంటే అప్పుడు మాట్లాడుకుందాం.

మూడోది, "నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో దేవదాసీ నృత్యం". ఈ మూడింటిలో బరువైనది ఇదే, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను. మొదటి చిక్కు శీర్షికలోనే ఉంది. ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో. నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి, దర్శి, పొదిలి వైపు, గుంటూరు నుంచి ఒంగోలు, అద్దంకి వైపు, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు వైపు కలిపి చేశారు. ఆ ఒంగోలు కూడా 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా నెల్లూరులోదే. 1953 దాకా మనమంతా మద్రాసు కింద ఉన్నాం. అంటే నువ్వు "ప్రకాశం జిల్లా" అని వెతికితే పాత కాగితాల్లో ఏమీ దొరకదు, మూడు జిల్లాల పేర్ల మీద వెతకాలి, మద్రాసు ఎగ్మూరులోని పాత రికార్డుల ఆఫీసుకు కూడా వెళ్ళాలి. బటర్‌వర్తు, వేణుగోపాలచెట్టి 1905లో వేసిన మూడు సంపుటాల నెల్లూరు జిల్లా శాసనాల్లో ఒంగోలు వైపు శాసనాలు కూడా ఉన్నది ఈ కారణం చేతనే. ఏ పని చేసినా వాటిని ఒకసారి తిరగెయ్యి.

రెండో చిక్కు మనుషులతో. గుడికి అంకితం చేయడాన్ని నిషేధించిన మద్రాసు చట్టం 1947లో వచ్చింది. ఆ ఆట స్వయంగా ఆడినవాళ్ళు ఇప్పుడు ఉన్నా తొంభై దాటి ఉంటారు. వాళ్ళ మనవరాళ్ళు ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లలకు పెళ్ళి సంబంధాలు చూసుకుంటూ ఉంటారు. నువ్వు వెళ్ళి తలుపు తట్టి మీ అమ్మమ్మ ఎక్కడ ఆడేది అని అడిగితే వాళ్ళ గుండెల్లో రాయి పడుతుంది. ఆ కుటుంబాలతో ఏళ్ళ తరబడి రాకపోకలు ఉన్నవాళ్ళు చేయవలసిన పని అది. ఆదివారం మాత్రమే ఖాళీ దొరికే మనిషి చేయకూడదు.

ఇక నీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన భాగానికి వస్తాను. సంతకం కింద తాజా కలం అని నాలుగే వాక్యాలు రాశావు. ఖర్చులకు చాలక ఆదివారాలు ఒంగోలు పక్క పల్లెల్లో ఆడవాళ్ళకు కోలాటం నేర్పుతున్నానని, ఈ సంగతి మీకు చెప్పడానికి సిగ్గుగా ఉందని, ఒక ఊళ్ళో ముసలాయన రోజూ అరుగు మీద కూర్చుని "ఇది కోలాటం కాదు" అని సణుగుతుంటాడని, పిల్లలు నవ్వుతారని. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికావు కదమ్మా!

నిరుడు మన రంగనాయకుల రథోత్సవంలో రెండు బృందాలు వెనకా ముందూ ఆడాయి. నాకు మోకాళ్ళ నొప్పి, ఒక ఇంటి మెట్ల మీద కూర్చుని చూశాను. మొదటి బృందంలో పెద్దాయన పాడుతున్నాడు, వాళ్ళు అందుకుంటున్నారు. కోపు, అంటే జతలు తిరిగే వరస, మార్చాల్సి వచ్చినప్పుడు ఆయన చివరి మాటను సాగదీశాడు. ఆ సాగదీతలోనే జతలు తిరిగిపోయాయి, ఒక్క కోల కూడా తప్పు చోట తగల్లేదు. అడుగు వదులుగా ఉంది, నడుము ఊగుతోంది. రెండో బృందానికి ఒకే రంగు చీరలు, స్పీకరు పెట్టెలోంచి పాట, పక్కన ఒకమ్మాయి విజిల్. విజిల్ వేస్తే కోపు మారుతుంది. మోకాళ్ళు వంచి, మడమ గట్టిగా తాటించి వేస్తున్నారు. చూడగానే తెలిసిపోయింది, వీళ్ళకు నేర్పింది కూచిపూడి వచ్చిన మనిషేనని. అది మన అడవు, కూచిపూడి అడుగు. పాట ఐదు నిమిషాల్లో ఆగిపోయింది, సగం మంది లోపలికి, సగం మంది బయటికి తిరిగి ఉండిపోయారు.

ఏది మేలు అని నేను అనడం లేదు. రెండో బృందంలో నలభై మంది ఆడవాళ్ళు ఉన్నారు, వాళ్ళ మొహాల్లో వెలుగు చూడాలి. కానీ కోపు ఎప్పుడు మారాలన్నది ఒకప్పుడు పాడే మనిషి గొంతులో ఉండేది, ఇప్పుడు రికార్డు చేతిలోకి వెళ్ళింది. దానితో కోపు పొడవు మారిందా? అడుగు మారిందా? నీలాంటి నాట్యం టీచర్లు తెలియకుండానే ఏం తెచ్చి కలిపారు? నువ్వు కోలాటంలో ఏం వదిలేశావు, ఏది కష్టమని తేలిక చేశావు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినది రెండు ఆటలూ ఒంట్లో ఉన్న మనిషే. లైబ్రరీలో కూర్చున్నవాడికి మడమ తేడా తెలియదు.

శీర్షికలో "కోలాటం: ఒక పరిశీలన" అని మాత్రం రాయకు. నాలుగైదు ఊళ్ళు, అక్కడి మహిళా బృందాలు, నాట్య శిక్షకులు నేర్పే పద్ధతి, కోపుల్లో వచ్చిన మార్పు. అంతవరకే గిరి గీసుకో. జడ కోలాటం, చెక్కభజన కూడా కలుపుదామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. తల ఊపి ఊరుకో. పెట్టబోయే శీర్షికను ఆ ఊరి ఆడవాళ్ళలో ఒకరికి చదివి వినిపించు, ఆమెకు అర్థమై "మా సంగతే రాస్తున్నావా" అంటే శీర్షిక కుదిరినట్టు.

ఇందులో ఒక ఇరకాటం ఉంది, ముందే చెబుతున్నాను. వాళ్ళు నీకు డబ్బు ఇచ్చి నేర్చుకుంటున్నారు. టీచరమ్మ అడిగితే "మీరు వచ్చాకే బాగుందమ్మా" అంటారు, ఇంకేమంటారు? కాబట్టి నువ్వు నేర్పని బృందాలను కూడా చూడు, పాట నోటితో పాడుకునే బృందం ఒక్కటైనా ఉండాలి. నువ్వు వాళ్ళ గురువువన్న సంగతి సిద్ధాంత గ్రంథం మొదటి అధ్యాయంలోనే ఒప్పుకో. దాచితే అదే వైవాలో బయటికి లాగుతారు. వీడియో తీసే ముందు అడుగు, వద్దన్నవాళ్ళను బలవంతపెట్టకు. తీసేటప్పుడు ఒక ఫోను ఎదురుగా, ఒకటి మిద్దె మీద పెట్టు. కోపుల గీతలు పైనుంచి చూస్తేనే తెలుస్తాయి, పాదం ఎదురుగా చూస్తేనే తెలుస్తుంది. ఏ రోజు విన్నది ఆ రాత్రే రాసుకో. వాళ్ళు అన్న మాట వాళ్ళు అన్నట్టే రాయి, నువ్వు దిద్దకు. నేను ఒక ముఖ్యమైన మాటను పొద్దున రాద్దామని పడుకుని పోగొట్టుకున్నాను.

మంచి అంశమైనా క్యాలెండరు చూసుకోకపోతే కుదరదు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా స్కూలు వార్షికోత్సవాలు, దసరాకు నవరాత్రి కార్యక్రమాలు, వేసవిలో క్యాంపులు. ఆ నెలల్లో ఒక్క పేజీ కూడా రాయలేవు, రాస్తానని గైడుకు మాట ఇవ్వకు. జూన్, జూలై, ఆగస్టు నీవి. కోలాటం బయటికి వచ్చేది ఉత్సవాల్లోనే కనుక, చూడటం పండగల్లో, రాయడం వానాకాలంలో అనుకో.

నిబంధనల సంగతి క్లుప్తంగా. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు, ఆడవాళ్ళకు మరో రెండేళ్ళ వెసులుబాటు ఉంది. ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైంలో చేయాలంటే మీ స్కూలు యాజమాన్యం నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. అది ఇప్పుడే అడిగి చూడు, అంశం దొరికాక ఆ కాగితం దగ్గర ఆగిపోయినవాళ్ళను చూశాను. ప్రొఫెసరు ఎనిమిది మందిని, అసోసియేట్ ఆరుగురిని, అసిస్టెంట్ నలుగురిని మించి తీసుకోకూడదు, కాబట్టి ఎంత మంచి గైడైనా ముందు ఖాళీ ఉందా అని కనుక్కో. నాట్యశాఖలోనే చేరాలని పట్టుపట్టకు, ఈ అంశానికి జానపద విజ్ఞానం తెలిసిన గైడు ఇంకా మేలు. శోధ్‌గంగ వెబ్‌సైటులో పాత సిద్ధాంత గ్రంథాలు చాలా ఉచితంగా చూడవచ్చు. కోలాటం అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగైదు రకాలుగా రాస్తారు, అన్ని రకాలుగానూ వెతుకు. అనుమతి ఉన్నచోట తెలుగులోనే రాయి. "కోపు"ను ఇంగ్లీషులో ఏమంటావు?

డిగ్రీ మీద అంత మోజు లేకపోతే ఇంకో దారి కూడా ఉంది. కేంద్ర సాంస్కృతిక శాఖ కళాకారులకు రెండేళ్ళ ఫెలోషిప్పులు ఇస్తుంది. ఇరవై ఐదు నుంచి నలభై ఏళ్ళ లోపు వాళ్ళకు జూనియర్, నెలకు 10,000 రూపాయలు. ఆ పైవాళ్ళకు సీనియర్, 20,000. నీకు ముప్ఫై నాలుగు కదా. ముందు అందులో రెండేళ్ళు ఊళ్ళు తిరిగి, ఆ సామగ్రితో పీహెచ్‌డీలో చేరినా నాకు సమ్మతమే. నన్నడిగితే అదే మేలు.

వచ్చే ఆదివారం ఆ ముసలాయన దగ్గరికి క్లాసుకు గంట ముందు వెళ్ళు. అరుగు మీద ఆయన పక్కన కూర్చో. పుస్తకం, ఫోను బయటికి తీయకు. "ఇది కోలాటం కాదు" అంటాడు కదా, "మరి ఏది, ఒక్క కోపు చెప్పండి తాతా" అని అడుగు. ఆయన పాడతాడు చూడు. పాడితే ఆ మాట ఎక్కడ సాగదీస్తున్నాడో విను. నేను ఆ పై ఆదివారం వస్తాను, ఎనిమిదింటికల్లా ఒంగోలు బస్టాండులో దిగుతాను. ఆ ఊరికి ఆటో వెళుతుందో లేదో కనుక్కుని ఫోను చెయ్యి, నేను ఎక్కువ నడవలేను. అరుగు ఎత్తుగా ఉంటే ఒక కుర్చీ కూడా అడిగి పెట్టు.

ఆశీస్సులతో
మీ టీచర్