ఎర్రసిరాతో తిరిగొచ్చిన కాపీ

అనకాపల్లి జిల్లాలో ఒక పత్రికకు కంట్రిబ్యూటరుగా, అంటే మండలం నుంచి వార్తలు రాసి పంపే విలేకరిగా పనిచేస్తున్న యువకుడు అడిగిన ప్రశ్న ఇది: విశాఖపట్నంలో జరిగే మూడు రోజుల జర్నలిజం శిక్షణకు సొంత డబ్బు పెట్టుకుని, పని మానుకుని వెళ్తే నిజంగా ప్రయోజనం ఉంటుందా, లేక అనుభవమే అన్నీ నేర్పుతుందని ఊరుకోవచ్చా? దీనికి సమాధానం చెప్పే అర్హత నాకుందనే అనుకుంటున్నాను. 1996లో పాడేరు ప్రాంతంలో ఒక దినపత్రికకు కంట్రిబ్యూటరుగా చేరి, తర్వాత విశాఖ డెస్కుకు వచ్చి, రెండు దశాబ్దాలకు పైగా ఇతరులు రాసిన వార్తలు దిద్దాను. శిక్షణ తరగతుల్లో వెనక వరుసలో కూర్చున్నాను, ముందు నిలబడి పాఠాలూ చెప్పాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. రాసిన కాపీని, అంటే అచ్చుకు పంపే వార్త ప్రతిని చదివి, ప్రశ్నలు వేసి, తిప్పి పంపే పెద్ద ఒకరు లేకపోతే ఎన్ని తరగతులకు హాజరైనా విలేకరి తయారు కాడు. ఇక అనుభవమంటారా, అడిగేవారు లేనప్పుడు అది చేసిన తప్పునే మరింత ధీమాగా చేయడం అలవాటు చేస్తుంది.

నేను చేరినప్పుడు శిక్షణ పేరిట నాకు దక్కినవి ఒక గుర్తింపు కార్డు, కొన్ని కవర్లు, రోజూ రెండు వార్తలకు తగ్గకూడదన్న మాట. అప్పట్లో మా వార్తలు బస్సులో ప్రయాణించేవి. తెల్లకాగితం మీద ఒకవైపే, పంక్తికీ పంక్తికీ మధ్య చోటు వదిలి రాసి, పత్రిక పేరు అచ్చేసిన కవరులో పెట్టి మధ్యాహ్నం బస్సు డ్రైవరుకు ఇస్తే, ఆయన ఘాట్ రోడ్డు దిగి సాయంత్రానికి విశాఖ ఆర్టీసీ కాంప్లెక్సులో మా ఆఫీసు కుర్రాడి చేతికి అందించేవాడు. కవరు అందని రోజున మా మండలంలో ఏమీ జరగనట్టే లెక్క.

ఆ ఏడాది వానాకాలంలో, వారపు సంతకు పసుపు అమ్ముకోవడానికి వచ్చిన ఒక రైతు తమ ఊళ్లో జ్వరాలతో నలుగురు పోయారని చెప్పాడు. నేను టీ దుకాణం బల్ల మీదే కాగితం పరిచి వార్త రాసేశాను. 'అంతుచిక్కని వ్యాధితో నలుగురి మృతి - భయం గుప్పిట్లో గిరిజనం' అని శీర్షిక కూడా పెట్టి పంపి, మర్నాడు మొదటి పేజీలో చూసుకుంటానని గట్టిగా నమ్మాను. రాత్రి ఎనిమిది దాటాక మా వీధి చివర ఎస్టీడీ బూత్‌కు డెస్కు ఇన్‌ఛార్జి ఫోను చేశారు.

"ఏమయ్యా, ఆ ఊరు వెళ్లావా?"

"లేదండీ. సంతలో చెప్పారు."

"పోయినవాళ్ల పేర్లేవి? వయసులేవి? నలుగురూ ఒక ఇంటివాళ్లా, వేర్వేరు ఇళ్లా? మొదటి మనిషి ఏ రోజు పోయాడు?"

నేను మాట్లాడలేదు.

"అంతుచిక్కని వ్యాధి అని రాశావు. ఎవరికి అంతుచిక్కలేదు? డాక్టరుకా, నీకా?"

దానికీ నా దగ్గర జవాబు లేదు. వార్త ఆపేస్తున్నానని, రేపు ఆ ఊరు వెళ్లి ఇంటింటికీ తిరిగి రాసుకురమ్మని, ఈలోగా వేరే పత్రికలో వస్తే వచ్చిందిలే అని చెప్పి ఆయన ఫోను పెట్టేశారు. మర్నాడు ఉదయం వేరే పత్రికలో నిజంగానే వచ్చింది, నలుగురి మృతి అనే వచ్చింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. అయినా రెండు వాగులు దాటి, మోకాళ్ల దాకా బురదతో ఆ ఊరు చేరాను.

జ్వరంతో పోయింది ముగ్గురు. నాలుగో పేరు చాలా కాలంగా మంచంలో ఉన్న ఒక ముసలావిడది, ఆవిడకు జ్వరమే లేదు. మిగిలిన ముగ్గురిలో ఇద్దరు ఒకే ఇంటి పిల్లలు. చలి, వణుకు, ఆ వెంటనే కాలిపోయే జ్వరం వచ్చేవని తల్లి చెప్పింది. ఆరోగ్య కార్యకర్త వచ్చి వేలు పొడిచి రక్తం తీసుకెళ్లారని కూడా చెప్పింది. ఆ ఒక్క మాట పట్టుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాను. అక్కడ ప్రయోగశాల గదిలో, కిటికీ పక్కన, ఒక చెక్కపెట్టె ఉంది. అందులో వరుసగా గాజు పలకలు. ఒక్కొక్క పలక మీద ఎండి గోధుమరంగుకు తిరిగిన రక్తపు పూత, ఒక మూల పెన్సిలుతో వేసిన అంకె. పక్కనే ఉన్న రిజిస్టరులో రక్తం తీసిన తేదీల గడి నిండుగా ఉంది, ఫలితం గడి పైనుంచి కింది దాకా ఖాళీగా ఉంది. ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులో మనిషి లేడు. సూక్ష్మదర్శినిలో చూస్తే మలేరియానో కాదో తేలిపోయే పలకలు, చూసేవారు లేక పెట్టెలోనే ఉండిపోయాయి. ఆ పిల్లలిద్దరి అంకెలూ రిజిస్టరులో ఉన్నాయి.

ఆ వార్త మూడో రోజు లోపలి పేజీలో వచ్చింది. పది రోజులు తిరగకుండా మరో కేంద్రం నుంచి టెక్నీషియన్‌ను డెప్యుటేషన్ మీద పంపారు. నాకు అంతకన్నా ముఖ్యమైనది ఆ వారమే బస్సులో తిరిగొచ్చింది. నేను మొదట పంపిన కాపీ, దాని అంచుల నిండా ఎర్రసిరాతో ప్రశ్నలు. లెక్కపెడితే పద్నాలుగు. అడుగున, 'గిరిజనం అని రాసి వదిలేయకు. వాళ్ల ఊరికి పేరుంది, వాళ్లకూ పేర్లున్నాయి' అని రాసి ఉంది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. నా వృత్తిలో నేను పొందిన అసలు శిక్షణ అదే.

అలాంటి అదృష్టం అందరికీ ఎందుకు దక్కలేదో కూడా చెప్పాలి. ఈనాడు 1974 ఆగస్టు 10న ఈ విశాఖ నుంచే మొదలైంది. 1989లో అది జిల్లా పేజీలు ప్రారంభించాక మిగతా పత్రికలకూ ఆ దారి తప్పలేదు. దాంతో ప్రతి మండలానికీ వార్త రాసే మనిషి కావలసి వచ్చాడు. టీచర్లు, ఎరువుల దుకాణం వాళ్లు, పట్టభద్రులైన నిరుద్యోగులు, చేతిరాత బాగున్న కుర్రాళ్లు విలేకరులయ్యారు. తెలుగు నేల మీద పల్లెకు పత్రిక చేరింది వీళ్ల కష్టం వల్లనే. వీళ్లలో జర్నలిజం చదివినవారు అరుదు, వీళ్లకు నేర్పాలని కూర్చున్న సంస్థలు ఇంకా అరుదు. నేర్పిందంతా డెస్కే. ఇప్పుడు ఆ డెస్కులో సబ్ ఎడిటరు చేతికి పేజీల మీద పేజీలు వచ్చి పడుతున్నాయి. వాట్సాప్‌లో వచ్చినదాన్ని వచ్చినట్టే కుదించి పేజీలో పెట్టడానికే అతనికి సమయం చాలడం లేదు. 'ఎవరికి అంతుచిక్కలేదు?' అని అడగడానికి ఫోను తీసే తీరిక ఎక్కడిది?

ఇక శిక్షణ తరగతుల గురించి నా బాధ చెప్పుకోవాలి. నేను హాజరైన వాటిలో ఎక్కువ భాగం బీచ్ రోడ్డులో ఏదో ఒక హోటలు హాలులో జరిగాయి. ఉదయం ప్రారంభోపన్యాసాలు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం ధ్రువపత్రాలు, గ్రూపు ఫొటో. మధ్యలో తెర మీద ఇంగ్లీషులో పాఠం. ముంచింగిపుట్టు నుంచి తెల్లవారుజామున బయల్దేరి వచ్చిన కుర్రాడు దాన్ని ఫోనులో ఫొటోలు తీసుకుని వెళ్లిపోతాడు. మూడు రోజుల్లో ఒక్క గంటైనా అతడు రాసిన వార్తను ముందు పెట్టుకుని, ఈ వాక్యం నీకెలా తెలుసు అని ఎవరూ అడగరు. ఇప్పుడు కొత్తగా కృత్రిమ మేధతో వార్త రాయడం నేర్పుతున్నారు. సంతలో విన్న మాటను యంత్రం చక్కని తెలుగులో రాసిపెడుతుందేమో కానీ, వాగు దాటి వెళ్లి పలకల పెట్టె తెరిపించదు.

జీతం ఊసెత్తకుండా శిక్షణ గురించి మాట్లాడటం నాకు సబబుగా తోచదు. లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన పంక్తుల లెక్కన వచ్చే డబ్బు చాలా చోట్ల పెట్రోలుకే సరిపోదు. దాని మీద ప్రకటనల టార్గెట్లు, చందాల టార్గెట్లు. పరవాడలోనో అచ్యుతాపురంలోనో ఒక కర్మాగారం గేటు దగ్గర పండుగ ప్రకటన కోసం చేయి చాచిన విలేకరి, అదే గేటు దగ్గర ప్రమాదం జరిగినప్పుడు గట్టిగా ప్రశ్న ఎలా అడుగుతాడు? ఎన్ని నైతిక సూత్రాలు బోధించినా ఆ టార్గెట్ కాగితం వాటిని మింగేస్తుంది. ఈ మాట నేను చాలా సభల్లో చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను.

విశాఖ విలేకరికి ఈ ఊరికి తగిన చదువు కూడా కావాలి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ వాయువు వెలువడి 12 మంది చనిపోయారు. స్టైరీన్ అన్న మాట ఆ ఉదయానికి ముందు మనలో ఎంతమందికి తెలుసు? రిఫైనరీ, ఎరువుల కర్మాగారం, ఫార్మా పరిశ్రమలు చుట్టూ ఉన్న నగరంలో ఏ కర్మాగారంలో ఏం నిల్వ ఉంటుంది, గాలి ఎటు వీస్తే ఏ కాలనీకి ముప్పు, కర్మాగారాల శాఖను ఏం అడగాలి, కాలుష్య నియంత్రణ మండలిని ఏం అడగాలి, పర్యావరణ అనుమతిలోని షరతులు ఎలా చదవాలి అన్నవి ఒక్క వారం కూర్చోబెట్టి నేర్పితే చాలు, ఎంతో తేడా వస్తుంది.

చట్టం సంగతీ అంతే. లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే పోక్సో చట్టం 23వ సెక్షన్ ప్రకారం బాధిత బాలిక పేరే కాదు, చిరునామా, ఫొటో, కుటుంబం, బడి, ఇరుగుపొరుగు వివరాలు కూడా ప్రచురించకూడదు. పేరు మార్చామని రాసి, ఊరు, తండ్రి చేసే పని, పిల్ల చదివే తరగతి రాసిన కాపీలు నేను లెక్కలేనన్ని దిద్దాను. రాసినవారిలో ఒక్కరికీ చెడ్డ ఉద్దేశం లేదు. వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే. సమాచార హక్కు దరఖాస్తుకు మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుమే లేదని, మండల స్థాయిలో 5 రూపాయలేనని, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలని తెలియక, సిబ్బంది చెప్పిన మాటే రాసుకొచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు.

2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బరులో పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయినప్పుడు, ఒక యూట్యూబరే కారణమన్న మాట తెల్లవారేసరికి ఊరంతా పాకింది, వార్తల్లోకీ ఎక్కింది. తర్వాత పోలీసులు అరెస్టు చేసింది వేరే ఇద్దరిని. ఆ రాత్రి ప్రతి విలేకరి వెనకా 'నీకెవరు చెప్పారు, ఆయన కళ్లతో చూశాడా?' అని అడిగే ఒక గొంతు ఉండి ఉంటే ఆ పేరు అంత దూరం వెళ్లేది కాదని నా నమ్మకం.

ఉద్యోగ విరమణ తర్వాత నేను ముగ్గురు పిల్లల కాపీలు చదువుతున్నాను. డబ్బు తీసుకోను, రాత్రి తొమ్మిది తర్వాత ఫోనులో మాట్లాడతాను. 2022లో పాడేరు కొత్త జిల్లా కేంద్రమయ్యాక అక్కడ వార్తలు రాసే యువత పెరిగింది, వారిలో ఒక అమ్మాయి ఈ ముగ్గురిలో ఉంది. గత నెలలో ఒక గర్భిణిని డోలీలో మోసుకొచ్చిన వార్త పంపింది. రోడ్డు చేరడానికి రెండు గంటల ఇరవై నిమిషాలు పట్టిందని రాసింది.

"ఇరవై నిమిషాలని ఎవరు చెప్పారమ్మా?"

"ఎవరూ చెప్పలేదు సార్. వాళ్లతో పాటు నేనూ నడిచాను, ఫోనులో టైము చూసుకున్నాను. డోలీ మోసిన నలుగురి పేర్లు కింద రాశాను చూడండి."

ఎర్ర గీత పెట్టడానికి నాకు ఆ కాపీలో చోటు దొరకలేదు.

కాబట్టి తమ్ముడూ, ఆ మూడు రోజుల శిక్షణకు వెళ్లు. కాకపోతే, అచ్చయిన నీ వార్తలు రెండు, అచ్చుకాక ఆగిపోయినది ఒకటి సంచిలో పెట్టుకుని వెళ్లు. పాఠం చెప్పిన పెద్దలు భోజనానికి లేచినప్పుడు ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్లి, ఇది చదివి పెట్టండి సార్ అని అడుగు. చాలామంది తర్వాత చూస్తామంటారు. ఎవరైనా అక్కడే నిలబడి చదివి, పెన్ను తీసి నీ కాగితం మీద ప్రశ్న రాస్తే, వారి ఫోను నంబరు తీసుకుని తిరిగి రా. అలాంటివారు ఒక్కరూ దొరక్కపోతే ఈ సమాధానం కిందే నాకు రాయి, నీ కాపీ నేను చదువుతాను.