టాప్ 100 దాటాక ఏం వినాలి?

కొరియాలో ఉంటున్న పాఠకుల పాటల సందేహాలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: కొరియాలో పాటలు వినే మెలన్ యాప్ తీసుకున్నాను. టాప్ 100 ఎప్పుడు తెరిచినా అవే ఐడల్ గ్రూపులు, అవే డ్రామా పాటలు. ఆఫీసులో కొరియన్ స్నేహితులు మాత్రం నేనెప్పుడూ వినని బ్యాండ్ల గురించి మాట్లాడుకుంటారు. అవి ఎక్కడ దొరుకుతాయి?
– ఎస్.ఆర్., సువోన్

జవాబు: టాప్ 100 చేసే పని వేరు. గత 24 గంటల్లోనూ చివరి గంటలోనూ ఎంతమంది విన్నారో కలిపి, గంటగంటకీ లెక్క మారుస్తుంది. పెద్ద గ్రూపుల కొత్త పాటలు ఎక్కువగా సాయంత్రం 6కి వస్తాయి. అర్ధరాత్రి విడుదలైన పాటల్ని వెంటనే చార్టులోకి తీసుకోవడం 2017లో ఆపేశారు, అప్పటి నుంచి ఈ అలవాటు పడింది. అభిమానులు ఆ గంటకి ఫోన్లు పట్టుకుని సిద్ధంగా ఉంటారు. అంచేత ఆ జాబితా పాట గొప్పతనం కన్నా అభిమానుల పట్టుదలే ఎక్కువ చెబుతుంది. అడ్డదారిన పైకొచ్చే పాటలూ లేకపోలేదు. బ్రేవ్ గర్ల్స్ అనే అమ్మాయిల గ్రూపు 2017లో విడుదల చేసిన పాట, సైనికుల ముందు వాళ్ళు పాడిన వీడియోలు పాకిపోయాక 2021లో మొదటి స్థానానికి ఎక్కింది. అలాంటి దాని కోసం కాచుక్కూర్చోవడం మాత్రం దండగ.

బ్యాండ్ల కోసమైతే ముందు యూట్యూబ్‌లో కొరియా ఇంటర్నెట్ కంపెనీ నేవర్ వాళ్ళ 'ఆన్‌స్టేజ్' వీడియోలు చూడండి. 2010లో మొదలై 2023లో ఆగిపోయింది కానీ, పేరు రాని కళాకారుల లైవ్ వీడియోలు వందల కొద్దీ వచ్చాయి. పాత పాన్సోరి (డోలు తోడుగా పాడే సంప్రదాయ కథాగానం) కథల్ని బేస్ గిటార్లు, డ్రమ్స్ మీద పాడే ఇనల్చి బృందం జనానికి తెలిసింది ఇక్కడే. విద్యా ఛానెల్ ఈబీఎస్ 2004 నుంచి నడుపుతున్న 'స్పేస్ గొంగ్గమ్' లైవ్ సంగీత కార్యక్రమం కూడా అంతే విలువైనది. దానిలోని 'హెలో రూకీ' పోటీ గెలిచి వచ్చినవాళ్ళలో గుక్కాస్టెన్ రాక్ బ్యాండ్ ఒకటి.

ఇంకొకటి, కొరియన్ మ్యూజిక్ అవార్డ్స్. 2004లో మొదలైన ఈ అవార్డుల్ని అమ్మకాలు చూసి కాక విమర్శకుల నిర్ణయం మీద ఇస్తారు. రాక్, మోడర్న్ రాక్, మెటల్, ఫోక్ అన్నీ వేరువేరు విభాగాలు. గెలిచినవాళ్ళ పేర్లతో ఆగకండి, నామినేషన్ల జాబితా మొత్తం దించుకోండి. రెండేళ్ళ జాబితాలు చాలు, ఆర్నెల్లు వినొచ్చు.

అన్నిటికన్నా పనికొచ్చేది మీ చేతిలోనే ఉంది. మెలన్‌లో పాట పేజీ తెరిస్తే కింద సాహిత్యం, స్వరం, అరేంజ్‌మెంట్ ఎవరివో పేర్లుంటాయి. ఆ పేరు నొక్కితే ఆ మనిషి చేసిన మిగతా పాటలు వస్తాయి. డే6 బ్యాండు పాట తెరిచి అందులోని యంగ్ కె పేరు నొక్కి చూడండి, తన బ్యాండుకి ఎంత రాశాడో, బయటివాళ్ళకి ఎంత రాశాడో కనిపిస్తుంది. యాప్ తనంతట తాను సూచించే పాటలు మీరు నిన్న విన్నదాని చుట్టూనే తిరుగుతాయి. పేర్లు పట్టుకుని వెళ్తే ఆ గిరి దాటతారు.

మొదలు పెట్టడానికి కొన్ని: పాతకాలపు మెలోడీ ఇష్టమైతే జన్నబి, గిటార్ కోసం సేసోన్యొన్, సింథ్, సైకెడెలిక్ శబ్దాలు నచ్చితే సిలికా జెల్, దిగులు పాటలకి నెల్. కిమ్ యూనా గొంతు వినని వాళ్ళు మాత్రం ముందు ఆమె పాడే జావురిమ్ దగ్గరికే వెళ్ళాలి. 1997 నుంచి ఉన్న బ్యాండ్ అది.

ప్రశ్న: కెఫేలో విన్న పాట పేరు షాజమ్ చెబుతుంది. అదే పేరు మెలన్‌లో కొడితే రాదు. ఎందుకు?
– పి.ఎల్., సియోల్

జవాబు: ఇంగ్లిష్ అక్షరాల్లో వెతుకుతున్నారు కాబట్టి. ఒకే బ్యాండ్ పేరుని ఇంగ్లిష్‌లో నాలుగు రకాలుగా రాస్తారు. పాట ఇంగ్లిష్ పేరుకీ కొరియన్ పేరుకీ ఒక్కోసారి సంబంధమే ఉండదు. షాజమ్ ఫలితంలో హంగుల్ (కొరియన్ లిపి) పేరు ఉంటే దాన్ని కాపీ చేసి వెతకండి, లేకపోతే కళాకారుడి పేజీకి వెళ్ళి ఆల్బమ్ బొమ్మని బట్టి పట్టుకోండి. హంగుల్ మూలాక్షరాలు 24. గుణింతాలు నేర్చినవాళ్ళకి అదో లెక్క కాదు, శని ఆదివారాల్లో పట్టుబడిపోతుంది.

ప్రశ్న: తేజోన్‌లో చదువుకుంటున్నాను. హోంగ్‌దేలో (సియోల్‌లో లైవ్ సంగీత క్లబ్బులున్న పేట) క్లబ్ షోకి మొదటిసారి వెళ్ళాలనుంది. టికెట్, నిలబడే చోటు, తిరుగు రైలు గురించి చెప్పండి.
– ఎన్.కె., తేజోన్

జవాబు: చిన్న షోల పోస్టరు మీద తరచుగా రెండు ధరలుంటాయి, ముందే కొంటే ఒకటి, తలుపు దగ్గర కొంటే కొన్ని వేల వోన్లు ఎక్కువ. ముందే కొనడంలో అసలు లాభం డబ్బు కాదు, ఎంట్రీ నంబరు. నిలబడి చూసే షోలకి టికెట్ మీద ఆ నంబరు వేస్తారు. తలుపులు తెరిచాక సిబ్బంది పదేసి మందిని వరస నంబర్ల ప్రకారం పిలుస్తారు. 25వ నంబరు మీ చేతిలో ఉండి, 60 పిలిచేటప్పుడు వచ్చారనుకోండి, 60 వెనకే లోపలికి. కాబట్టి షో టైము కాదు, తలుపులు తెరిచే టైము చూసుకుని దానికి అరగంట ముందు చేరండి. మామూలుగా షోకి గంట ముందు తెరుస్తారు. బ్యాగు స్టేషన్ లాకర్లో పెట్టేయండి. శని, ఆదివారాల సాయంత్రం హోంగిక్ యూనివర్సిటీ స్టేషన్ లాకర్లు దొరకడం కష్టం, ఒక స్టేషన్ ముందే దిగి పెట్టుకోవడం మేలు.

చెవులకి ప్లగ్గులు తప్పనిసరి. నేల కింది అంతస్తులో, తక్కువ ఎత్తు కప్పు కింద శబ్దం 100 డెసిబెల్స్ దాటడం మామూలే. ఫోమ్ ప్లగ్గులు ఎక్కువ ఆపుతాయి కానీ సింబల్స్ (డ్రమ్స్ మీది తాళాలు), గొంతు మసకబారిపోతాయి. సంగీతం కోసం చేసిన 15–20 డెసిబెల్స్ రకం కొనండి. స్పీకరు ముందు నిలబడకండి. హాలు మధ్యలో, సౌండ్ ఇంజనీరు బల్లకి కాస్త ముందు నిలబడితే అతను వింటున్నదే మీరూ వింటారు.

ఎక్కడికి వెళ్ళాలంటే, 1995 నుంచి ఉన్న రోలింగ్ హాల్ మొదటిసారికి బాగుంటుంది. ఒకే టికెట్‌తో ఒకే రాత్రి చాలా క్లబ్బులు తిరిగే 'లైవ్ క్లబ్ డే' ఉంటే ఇంకా మంచిది, తేదీలు వాళ్ళ ఇన్‌స్టాగ్రామ్‌లో చూసుకోండి.

ఇక రైలు. హోంగిక్ యూనివర్సిటీ స్టేషన్ నుంచి ఎయిర్‌పోర్ట్ రైలెక్కితే మధ్యలో గొంగ్‌దొక్, తర్వాత సియోల్ స్టేషనే. రైల్లో పట్టే సమయం తక్కువే కానీ, సియోల్ స్టేషన్‌లో ఆ రైలు ప్లాట్‌ఫాం భూమికి చాలా లోతున ఉంది. అక్కణ్ణుంచి కేటీఎక్స్ (తేజోన్ వెళ్ళే హైస్పీడు రైలు) దాకా ఎస్కలేటర్ల మీదే పది నిమిషాలు పోతాయి. చివరి కేటీఎక్స్‌కి గంట ముందే క్లబ్ వదిలేలా చూసుకోండి. ఆన్‌కోర్ (షో అయ్యాక అదనంగా పాడే పాట) కోసం ఆగి రైలు పోగొట్టుకునేవాళ్ళు ప్రతి శనివారం ఉంటారు.

ప్రశ్న: టికెట్ సైటులో ఫోన్ ధ్రువీకరణ దగ్గరే ఆగిపోతున్నాను. 'వివరాలు సరిపోలలేదు' అంటుంది. నంబరు నాదే, కార్డూ నాదే.
– వి.జి., ఇంచియాన్

జవాబు: ఆ పరీక్ష పాస్‌పోర్టుతో పోల్చదు, మీ సిమ్ కంపెనీ దగ్గర పేరు ఎలా నమోదైందో దానితో పోలుస్తుంది. మన పేర్లకి ఇంటిపేరు ముందా వెనకా అన్న తికమక ఒకటి, పొడుగు పేరు సగంలో తెగిపోవడం మరొకటి. ముందు సిమ్ కంపెనీ యాప్ తెరిచి మీ పేరు ఎలా ఉందో చూడండి. అన్నీ పెద్ద అక్షరాల్లో, ఖాళీలతో సహా, అదే క్రమంలో కొట్టండి. ఖాళీ ఒక్కటి తేడా వచ్చినా తిప్పికొడుతుంది. ఫారంలో స్వదేశీ, విదేశీ అని మీట ఉంటుంది, అది మామూలుగా స్వదేశీ మీదే ఉంటుంది, మార్చండి. అప్పటికీ కాకపోతే రెసిడెన్స్ కార్డు పట్టుకుని సిమ్ కంపెనీ దుకాణానికి వెళ్ళి, కార్డు మీద ఉన్నట్టే పేరు దిద్దించుకోండి. పాస్‌పోర్టు మీద తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ అయితే ఎంత తిప్పలు పడ్డా ఈ గడప దాటదు. రెసిడెన్స్ కార్డు మీద కొత్త కనెక్షన్ తీసుకోవాల్సిందే.

ఈలోగా షో వచ్చేస్తే ఇంటర్‌పార్క్ విదేశీయుల సైటులో (ఇప్పుడు పేరు నోల్ వరల్డ్) ఈమెయిలుతో, అంతర్జాతీయ కార్డుతో కొనొచ్చు. అక్కడ అన్ని షోలూ ఉండవు, సీట్లూ తక్కువే. టికెట్ అయిపోయిందని కనిపించినా ఆశ వదలకండి. బ్యాంకు బదిలీ ఎంచుకుని డబ్బు కట్టనివాళ్ళ బుకింగులు గడువు దాటాక రద్దయి, అర్ధరాత్రి తర్వాత మళ్ళీ అమ్మకానికి వస్తాయి. అమ్మకం మొదలైన మర్నాటి రాత్రి నిద్ర కాచుకుంటే ఫలితం ఉంటుంది.

ప్రశ్న: హ్వెహ్యొన్ స్టేషన్ పక్క భూగర్భ బజారులో 1980ల రాక్ ఎల్పీ కొన్నాను. చివరి పాట ఆ బ్యాండుదే కాదు, ఏదో బడి ప్రార్థనలా ఉంది. ప్లేటు తప్పుగా అచ్చయిందా?
– ఎం.డి., సియోల్

జవాబు: లేదు, సక్రమంగానే అచ్చయింది. 1970ల చివరి నుంచి 1980ల చివరి దాకా ప్రతి ఆల్బంలోనూ 'ఆరోగ్యకరమైన పాట' ఒకటి ఉండి తీరాలని ప్రభుత్వ నిబంధన. చాలామంది దాన్ని రెండో వైపు చివర పడేసి చేతులు దులుపుకున్నారు. దుల్‌గుఖ్వా బ్యాండు 1985 తొలి ఆల్బం కొరియన్ రాక్‌లో పెద్ద పేరున్న రికార్డు, దాని చివరా ఉభయ కొరియాలు కలవాలని పిల్లలకి నేర్పే పాటే ఉంటుంది. అంతకు ముందు ఇంకా గట్టి దెబ్బ పడింది. 1975లో గంజాయి కేసుల పేరుతో రాక్ గిటారిస్టు షిన్ జుంగ్‌హ్యొన్‌ని అరెస్టు చేసి పాటల్ని నిషేధించారు. ఆ నిషేధాలు 1987లో గానీ తొలగడం మొదలవలేదు. ఆయన తొలి ముద్రణ ఎల్పీలు అంత ఖరీదు పలకడానికి ఇదొక కారణం. ఆయన పేరున్న రికార్డు చవగ్గా దొరికితే అట్ట వెనక బార్‌కోడ్ ఉందేమో చూడండి. ఉంటే అది తర్వాత వేసిన ముద్రణ. వినడానికి దానికేం లోటు లేదు, తొలి ముద్రణ ధర మాత్రం ఇవ్వకండి.