మీ మీటరు, మీ ప్రశ్న: మూడు కిలోవాట్లు ఎవరికి లాభం?

విద్యుత్ బిల్లుల విభాగంలో పనిచేసి రిటైరైన వాణ్ణి. సోలార్ కంపెనీల తరఫునా మాట్లాడను, కరెంటు పంపిణీ చేసే సంస్థ డిస్కం తరఫునా మాట్లాడను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఇంటి పైకప్పు సోలార్ గురించే. అన్నిటికీ సరిపోయే జవాబు లేదు కాబట్టి కొన్నిటిని విడివిడిగా తీసుకుంటున్నాను. నెల్లూరు వారికి తిరుపతి డిస్కం, ప్రకాశం వారికి విజయవాడ డిస్కం కరెంటు ఇచ్చినా ఇంటి కరెంటు ధరలు ఒకటే. లెక్కలు రెండు జిల్లాలకూ వర్తిస్తాయి.

ప్రశ్న: మాకు నెలకు సగటున 280 యూనిట్లు కాలుతుంది. సోలార్ కంపెనీ అబ్బాయి వచ్చి మూడు కిలోవాట్లు పెట్టించుకోండి, 78 వేలు ప్రభుత్వమే ఇస్తుంది, బిల్లు సున్నా అంటున్నాడు. పెట్టించమంటారా? సర్వీసు మా మామగారి పేరున ఉంది. ఆయన కాలం చేశారు. – ఒక గృహిణి, బుచ్చిరెడ్డిపాళెం

పెట్టించండమ్మా. కానీ మూడు కాదు, రెండు. ఎందుకో చెబుతాను, కాగితం దగ్గర పెట్టుకోండి.

మన రాష్ట్రంలో ఇంటి కరెంటుకు మెట్లు ఉన్నాయి. మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయల చొప్పున, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆ పైన 9.75. మీ 280 యూనిట్లను ఈ మెట్ల మీదుగా నడిపిస్తే కరెంటు ధర ఒక్కటే 1,498 రూపాయలు అవుతుంది. స్థిర ఛార్జీలు, సుంకం, సర్దుబాట్లు దీనికి అదనం.

ఒక కిలోవాట్ పలకలు మన ఎండకు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి. రెండు కిలోవాట్లంటే నెలకు 240. ఇక మీరు కొనేది 40 యూనిట్లు, ఖర్చు 87 రూపాయలు. అంటే మిగులు 1,411. సోలార్ మీ బిల్లును పై మెట్టు నుంచి కోసుకుంటూ కిందికి వస్తుంది. ముందు 8.75 రూపాయల యూనిట్లు పోతాయి, తర్వాత 6 రూపాయలవి. అందుకే మొదటి రెండు కిలోవాట్లు ఇచ్చే ఒక్కో యూనిట్ మీకు సగటున దాదాపు 6 రూపాయలు మిగులుస్తుంది.

మూడో కిలోవాట్ నెలకు 120 యూనిట్లు తెస్తుంది. అందులో 40 మాత్రమే మీ ఇంట్లో ఖర్చవుతాయి, అవీ రెండు మూడు రూపాయల యూనిట్లే. మిగతా 80 డిస్కంకు పోతాయి. అక్కడ మీకు కట్టే ధర 8.75 కాదు, దాని దరిదాపుల్లోకి కూడా రాదు. పైగా రాయితీ కూడా తగ్గుతుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు తలా 30 వేలు, మూడోదానికి 18 వేలు మాత్రమే. ఆ అబ్బాయి చెప్పిన 78 వేలు ఈ మూడింటి మొత్తం. నాలుగు పెట్టినా, అయిదు పెట్టినా అంతకు మించి రాదు. ఆ సంగతి ఆయన చెప్పి ఉండడు, అడిగి చూడండి.

రెండు కిలోవాట్లకు ఆయన లక్షా 40 వేలు చెప్పాడనుకుందాం. 60 వేలు రాయితీ పోతే మీ చేతినుంచి 80 వేలు. నెలకు 1,411 మిగిలితే అయిదేళ్ల లోపే డబ్బు తిరిగి వస్తుంది. వచ్చే వేసవికి రెండో ఏసీ కొనే ఆలోచన ఉంటే మాత్రం మూడు కిలోవాట్లు న్యాయమే. అప్పుడు ఆ 120 యూనిట్లూ మీ ఇంట్లోనే ఖర్చవుతాయి.

ఇక మామగారి పేరు. అన్నిటికన్నా ముందు ఆ పని చూడండి. దరఖాస్తు సర్వీసు ఎవరి పేరున ఉంటే వారి పేరునే వెళుతుంది, రాయితీ సొమ్ము వారి బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. మన రెండు జిల్లాల్లో సగం మీటర్లు ఇంకా తాతల పేర్ల మీదే తిరుగుతున్నాయని నా అనుమానం. మరణ ధ్రువీకరణ పత్రం, వారసుల పత్రం తీసుకుని ముందు పేరు మార్పు చేయించుకోండి, తర్వాతే సోలార్ అబ్బాయికి అడ్వాన్సు ఇవ్వండి. పలకలు బిగించి, నెట్ మీటరు (మీరు తీసుకున్న కరెంటును, ఇచ్చిన కరెంటును రెండింటినీ లెక్కేసేది) పెట్టి, అధికారులు చూసి వెళ్లాకే రాయితీ వస్తుంది. ముందు మొత్తం డబ్బు మీరే కట్టాలి. లేదంటే మూడు కిలోవాట్ల వరకు తాకట్టు లేకుండా బ్యాంకులు అప్పిస్తున్నాయి. ఇంకొక మాట. మన దేశంలో తయారైన సెల్స్‌తో మన దేశంలోనే చేసిన పలకలకు మాత్రమే రాయితీ. చవకగా వస్తుందని వేరేవి పెట్టించుకుంటే 60 వేలు పోయినట్టే.

ప్రశ్న: మాది చిన్న డాబా ఇల్లు. నెలకు 110 యూనిట్లు. మాకు ఒక కిలోవాట్ సరిపోతుందా? – ఒక దర్జీ, కావలి

సరిపోతుంది. లాభమా అంటే, ముందు ఫ్యాన్లు మార్చండి అంటాను.

మీ 110 యూనిట్లకు కరెంటు ధర 349.50 రూపాయలు. ఒక కిలోవాట్ సోలార్ దాన్ని మొత్తం తుడిచేసినా అంతకు మించి మిగలదు. 70 వేలలో 30 వేలు రాయితీ పోగా 40 వేలు పెట్టారనుకుంటే తొమ్మిదిన్నరేళ్లు పడుతుంది. మీ ఇంట్లో మూడు పాత ఫ్యాన్లు రోజుకు 15 గంటలు తిరుగుతాయనుకుందాం. కావలి ఎండలకు అది ఎక్కువేమీ కాదు. పాత ఫ్యాన్ 75 వాట్లు లాగితే, తక్కువ కరెంటు తాగే కొత్తరకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. నెలకు 60 యూనిట్లు తగ్గుతాయి, 232 రూపాయలు మిగులుతాయి. మూడు ఫ్యాన్లు తొమ్మిది వేలకు వస్తే మూడేళ్లకు కాస్త అటుఇటుగా ఖర్చు తిరిగి వచ్చేస్తుంది. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు నక్షత్రాల గుర్తు తప్పనిసరి చేశారు. దుకాణంలో ముందు ఆ కాగితం చూడండి, తర్వాతే రంగు.

మీరు ఏ వర్గమో రాయలేదు. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు రెండు కిలోవాట్లు ఉచితంగా పెట్టిస్తామని, బీసీలకు కేంద్ర రాయితీపై కిలోవాట్‌కు మరో పది వేలు ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. బీసీ అయితే పైన రాసిన తొమ్మిదిన్నరేళ్లు ఏడేళ్లకు దిగుతాయి. ఎస్సీ, ఎస్టీ ఇళ్లలో చాలావాటికి 200 యూనిట్ల వరకు కరెంటు ఇప్పటికే ఉచితం. వారి పైకప్పు మీద పలకలు పెడితే తగ్గేది వారి బిల్లు కాదు, ప్రభుత్వం డిస్కంకు కట్టాల్సిన సొమ్ము. తప్పేమీ లేదు, కానీ ఎవరికి ఎంత లాభమో తెలిసే సంతకం పెట్టాలి.

ప్రశ్న: తుపాను వచ్చిందంటే మాకు రెండు మూడు రోజులు కరెంటు ఉండదు. సోలార్ ఉంటే ఆ బాధ తప్పుతుందా? – ఒక పాఠకుడు, కొత్తపట్నం

తప్పదు. చాలామంది ఇక్కడే మోసపోతున్నారు. రాయితీతో మామూలుగా బిగించేది గ్రిడ్‌కు కలిపిన సోలార్. వీధి లైనులో కరెంటు పోయిన క్షణంలో మీ ఇన్వర్టరు కూడా ఆగిపోతుంది, నడినెత్తిన ఎండ ఉన్నా సరే. అది లోపం కాదు, కావాలనే అలా చేశారు. లైను ఆపి స్తంభం ఎక్కిన మనిషికి మీ ఇంటి పైనుంచి కరెంటు ఎదురొస్తే ఏమవుతుంది? స్తంభం మీద పనిచేసే వాళ్లతో ఉద్యోగం చేసినవాణ్ణి. ఈ నిబంధన మీద నాతో వాదించకండి.

కరెంటు పోయినప్పుడూ వెలగాలంటే బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టరు కావాలి. ఖర్చు బాగా పెరుగుతుంది, బ్యాటరీ పెట్టారని కేంద్ర రాయితీ మాత్రం పెరగదు. రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు నడిచే మామూలు ఇన్వర్టరు విడిగా ఉంచుకోవడమే మీకు చవక.

మీది సముద్రం ఒడ్డు కాబట్టి పలకల కన్నా వాటిని మోసే ఇనుమును ఎక్కువ పట్టించుకోండి. ఉప్పు గాలికి రంగు వేసిన ఇనుము నిలవదు. వేడి జింకులో ముంచి తీసిన చట్రం, స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు అడగండి. బిల్లు మీద ఆ మాట రాయించుకోండి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పటి గాలి మీకు గుర్తుండే ఉంటుంది. చట్రాన్ని శ్లాబులోకి దింపి బిగించారా, సిమెంటు దిమ్మల మీద ఊరికే కూర్చోబెట్టారా అన్నది మీరే డాబా ఎక్కి చూడండి. పలకలు కడగడానికి ఉప్పు బోరు నీళ్లు వాడకండి. ఆరాక తెల్లటి పొర కట్టి ఎండను అడ్డుకుంటుంది. తాగే నీళ్లు ఒక బకెట్, మెత్తటి గుడ్డ, ఎండ ఎక్కక ముందు. అంతే.

ప్రశ్న: ఛార్జీలు పెంచలేదంటారు, బిల్లు మాత్రం పెరుగుతోంది. ఏమిటీ ట్రూ–అప్? – ఒక ఉపాధ్యాయురాలు, ఒంగోలు

పైన రాసిన మెట్ల ధరలు 2022 నుంచి మారలేదు, నిజమే. కానీ డిస్కం కరెంటు కొన్న ఖర్చు ముందు వేసిన అంచనా దాటితే, ఆ తేడాను తర్వాత మీ దగ్గర రాబట్టుకునే వీలుంది. అదే ట్రూ–అప్. 2022–23కు సుమారు 6,072 కోట్లు, 2023–24కు సుమారు 9,412 కోట్లు ఇలా రాబట్టడానికి రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి 2024 చివర్లో ఒప్పుకుంది. అప్పుడు కాల్చిన కరెంటుకు ఇప్పుడు కట్టించడం అన్యాయమని మీరు రాశారు. ఆ ఏళ్లలో మీరున్న అద్దె ఇల్లు వేరు, ఇప్పుడున్నది వేరు అన్నారు. మీ మాట సబబే. సర్దుబాటు మనిషి వెంట కాదు, మీటరు వెంట వస్తుంది. ఇల్లు మారేటప్పుడు పాత బాకీల గురించి యజమానితో కాగితం మీద రాసుకోవడం తప్ప మీ చేతిలో ఏమీ లేదు.

ప్రశ్న: కృష్ణపట్నం థర్మల్ కేంద్రం బూడిద మాకు, కరెంటు అందరికీ. మా మండలానికైనా తక్కువ ధరకు ఇవ్వకూడదా? – ఒక రైతు, ముత్తుకూరు

అడగడం న్యాయమే, దొరకడం కష్టం. అక్కడ పుట్టిన కరెంటు గ్రిడ్‌లో కలిసిపోతుంది, రాష్ట్రమంతా ఒకే ధర. మీరు చెప్పిన కృష్ణపట్నం కేంద్రంలో, అంటే దామోదరం సంజీవయ్య కేంద్రంలో, 800 మెగావాట్ల యూనిట్లు మూడు నడుస్తున్నా, మీ ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే మీరూ అందరిలాగే వరుసలో నిలబడాల్సిందే. బూడిద సంగతి వేరు. అది కాలుష్య నియంత్రణ మండలికి రాయాల్సిన ఫిర్యాదు. తేదీ, సమయం, ఫొటో జతచేసి పంపండి, రసీదు దాచుకోండి.