బొమ్మ కొనేముందు వెనక్కి తిప్పి మూత చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పాపకు ఏడాదిన్నర, రొట్టెల పండక్కి నెల్లూరు వెళ్తున్నారు, రెండు వేల లోపు బుర్ర పెరిగే బొమ్మలు కొనాలి, చెక్కవి మేలా ప్లాస్టిక్‌వి మేలా, దర్గా దగ్గర అంగళ్లలో కొనొచ్చా అని అడిగారు. ఇంట్లో ఇప్పటికే పాటలు పాడే ఫోను బొమ్మ ఒకటుందని, పాపకు అదంటే ప్రాణమని కూడా రాశారు. నా మనసు ఆ ఫోను దగ్గరే ఆగిపోయింది. అందుకే దాంతోనే మొదలుపెడతాను.

నాకు కావలిలో చిన్న రిపేరు కొట్టు ఉంది. మిక్సీలు, ఫ్యాన్లు, రేడియోలు చూస్తాను. బోర్డు మీద బొమ్మల మాట లేదు గానీ, యాడన్నా తిరణాల జరిగితే ఆ వారమంతా పిలకాయల్ని చంకనేసుకుని తల్లులు వస్తూనే ఉంటారు. నూట యాభై పెట్టి కొన్న బొమ్మకు ఎనభై రూపాయలు అడగాలంటే నాకే మొహమాటం. ఇన్నేళ్లలో కొన్ని వందల బొమ్మల కడుపులు విప్పి చూసుంటాను. పైన ఎంత రంగో లోపల అంత దరిద్రం. వెంట్రుకంత తీగెలు, టంకం సరిగా పట్టని అతుకులు, గోటితో తోస్తే ఊడొచ్చే బ్యాటరీ మూత.

ఇంత తెలిసినవాణ్ణి, మా ఇంట్లో జరిగింది వినండి. మా వాడికి పద్నాలుగు నెలలప్పుడు చుట్టాలెవరో అచ్చం మీ పాపకున్నట్టే ఫోను బొమ్మ తెచ్చారు. ఓ సాయంత్రం అది మంచం మీద నుంచి కింద పడింది. మూత ఊడింది. లోపల ఉండాల్సిన గుండీ సెల్లులు, అంటే చొక్కా గుండీలా గుండ్రంగా ఉండే చిన్న బ్యాటరీలు, మూడు. నేల మీద దొరికినవి రెండు. మూడోది యాడికి పోయింది? చాప దులిపాం, మంచం జరిపాం, చీపురు పట్టి మూలలన్నీ ఊడ్చాం. వాడేమో నోరు ఆడిస్తూ మా మొహాలు చూసి నవ్వుతున్నాడు. రాత్రి తొమ్మిదిన్నరకి ఆస్పత్రికి పరుగు. డాక్టరు గారు అడిగిన మొదటి మాట, "అన్నం గానీ నీళ్లు గానీ పెట్టారా?" అని. రెండోది, "సెల్లు ఎంత సైజు?" అని. ఎక్స్‌రే తీశారు, లోపల ఏమీ లేదు. తెల్లారి మా అమ్మ పాత చీర మడత విప్పుతుంటే అందులోంచి జారిపడింది ఆ మూడో సెల్లు.

ఎందుకంత కంగారంటే, గుండీ సెల్లు రూపాయి బిళ్ల లాంటిది కాదు. గొంతులో ఇరుక్కుంటే అక్కడి తడికి కరెంటు పారడం మొదలవుతుంది. మైనస్ వైపు క్షారం పుట్టి కండను కాల్చేస్తుంది. రెండు గంటల్లోనే అన్నవాహిక బాగా దెబ్బతినొచ్చు. అన్నిట్లోకి ప్రమాదం సీఆర్ 2032 అనే పెద్ద బిళ్ల, 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3 వోల్టులు. చిన్న ఎల్‌ఆర్ 44 రకం చాలాసార్లు లోపలికి జారి బయటికి పోతుంది, అయినా దాన్ని నమ్మి కూర్చోకూడదు. బొమ్మ ఆడటం మానేసిందంటే సెల్లు చచ్చిందని మనం అనుకుంటాం. కాల్చడానికి సరిపడా సత్తువ దాంట్లో ఇంకా ఉంటుంది.

ఇదంతా చెప్తే మా ఆవిడ నమ్మలేదు. ఆదివారం కోడికూరకు తెచ్చిన మాంసంలో ఒక ముక్క తీసి, కాస్త ఉప్పునీళ్లు తగిలించి, మైనస్ వైపు ముక్కకు ఆనేలా 2032 బిళ్ల పెట్టి గట్టు మీద వదిలేశాను. కూర దించేసరికి బిళ్ల చుట్టూ నురుగు కట్టింది. ఇంకో గంటకు తీసి చూస్తే కింద గుండ్రంగా నల్లటి మచ్చ, వాత పెట్టినట్టు. ఆ రోజు నుంచి మా ఇంట్లో రిమోటు మూతకి కూడా టేపు ఉంటుంది.

కాబట్టి మింగిందని అనుమానం వచ్చినా చాలు, ఎక్స్‌రే ఉన్న ఆస్పత్రికి వెంటనే తీసుకెళ్లండి. వాంతి చేయించొద్దు, అరటిపండు తినిపించొద్దు, రేపు చూద్దాం అనుకోవద్దు. ఆ సెల్లు వచ్చిన అట్ట ఉంటే పట్టుకెళ్లండి.

ఇక కొనడం సంగతి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. మామూలు బొమ్మకు ఐఎస్ 9873, కరెంటు, బ్యాటరీ బొమ్మకు ఐఎస్ 15644 అని ఉంటుంది. గుర్తు కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో (ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థది) కొడితే ఎవరి పేరున ఉందో వస్తుంది. ఒకసారి ఒక కొట్లో నిలబడి అట్నే కొట్టి చూశా. డబ్బా మీద ఒక పేరు, యాప్‌లో ఇంకో పేరు. కొట్టాయన "మనకెందుకు సార్ ఇవన్నీ" అన్నాడు. డబ్బా అక్కడే పెట్టి వచ్చేశా.

తిరణాల అంగళ్లలో విడిగా అమ్మేవాటికి ఈ గుర్తులేవీ ఉండవు. అందుకని దర్గాకి వెళ్లి పాపకు ఏమీ కొనకుండా రమ్మని చెప్పను, పండగ పండగే. గాలి బుడగ మాత్రం వద్దు. పగిలిన బుడగ ముక్క గొంతుకు అతుక్కుంటే తీయడం బో కష్టం. లైట్లు వెలిగేవి, అయస్కాంతం ముక్కలు, నీళ్లలో వేస్తే ఉబ్బే రంగు పూసలు కూడా వద్దు. అయస్కాంతాలు రెండు మింగితే పేగు మడతల మధ్య ఒకదాన్నొకటి పట్టుకుని చిల్లులు పెడతాయి. కాగితం గాలిమర కొనివ్వండి, పుల్ల మీ చేతిలో పెట్టుకుని.

పాపకు మూడేళ్లు వచ్చేదాకా సైజు చూడాలి. పరీక్షలు చేసేవాళ్ల దగ్గర 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టం ఉంటుంది, అందులో పట్టే ముక్క ఏదైనా మూడేళ్ల లోపు పిల్లల బొమ్మకు పనికిరాదని లెక్క. ఇంట్లో పాత కెమెరా రీలు డబ్బా ఉంటే దాదాపు అదే కొలత. బొమ్మ మొత్తాన్ని కాదు, బొమ్మలోంచి ఊడొచ్చే ముక్కల్ని చూడండి. ఎలుగుబంటి కన్ను, కారు చక్రం, ఈల. కొట్లోనే గట్టిగా పట్టి లాగండి. కొట్టాయన మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనీండి.

చెక్కా ప్లాస్టికా అంటే, చెక్క అనగానే మంచిదని అనుకోవడం కూడా పొరపాటే. మీ పాప ఇంకా అన్నీ నోట్లో పెట్టుకునే వయసు, కాబట్టి చూడాల్సింది రంగు. తడిబట్టతో రుద్దితే రంగు అంటిందంటే వదిలేయండి. అంటకపోయినా సీసం లేదని రుజువు కాదు, అది ల్యాబులోనే తేలుతుంది. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక బొమ్మలు అంకుడు కర్రతో, లక్కలో కలిపిన మొక్కల రంగులతో చేస్తారు. బొంగరాలు, గిలక్కాయలు నున్నగా బాగుంటాయి. వాటి మీద ఐఎస్ఐ కనపడకపోతే భయపడకండి, భౌగోళిక గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ఇచ్చే జీఐ గుర్తింపు) ఉన్న చేతివృత్తి బొమ్మలకు ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. కొండపల్లి బొమ్మలు నాకూ ఇష్టమే, కానీ సన్న సన్న చేతులు, అతికించిన ముక్కలు. అవి అద్దాల బీరువాలోకి, పాప చేతికి కాదు.

మన జిల్లా సరుకులో నా ఓటు ఉదయగిరి చెక్క గరిటెలకే. బొమ్మలని ఎవరూ అనరు. రంగు లేదు, మోటు లేదు, నోట్లో పెట్టుకున్నా చెక్కే. నాలుగు సైజుల గరిటెలు, వంటింట్లోంచి మూడు స్టీలు గిన్నెలు ఇచ్చి కూర్చోబెడితే మా వాడు గంటసేపు లోకం మర్చిపోయేవాడు. ఏ గిన్నెలో ఏది దూరుతుంది, ఏది కొడితే ఎట్టా మోగుతుంది, మూత తిరగేస్తే ఎందుకు కూర్చోదు. బుర్ర పెరగడం అంటే నాకు తెలిసినంతలో ఇదే. డబ్బా మీద 'బ్రెయిన్ డెవలప్‌మెంట్' అని అచ్చేసిన బొమ్మల్లో నేను విప్పి చూసినవి చాలావరకు ఒక మీటా, ఒక పాటే. మీట నొక్కడం పాపకు ఒక్క రోజులో వచ్చేస్తుంది, మిగతా ఏడాదంతా ఆ పాట మనం వినాలి.

పాపకు రెండున్నరేళ్లు దాటాక మార్కాపురం పలక ఒకటి కొనండి. చెక్క చట్రం అంచులు గరుకుగా ఉంటే గరుకు కాగితంతో రుద్దండి. బలపం చిన్నదైపోతే తీసేసి కొత్తది ఇవ్వండి. పాప బలపాలు అదేపనిగా తింటుంటే మాత్రం కొట్టకండి, రక్తం తక్కువైనా అట్టా తింటారు, డాక్టరుకు చూపించండి.

పాత ఆటలన్నీ మంచివని అనుకోవడానికీ లేదు. మా పెద్దదానికి రెండేళ్లప్పుడు మా అమ్మ దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని వామనగుంటలు ఆడింది. లెక్కలు వస్తాయని నేనే సంబరపడ్డా. అది చింతగింజ ఒకటి ముక్కులో దోపుకుంది. పిన్నీసుతో తీద్దామని నేను పోతే మా అమ్మ నా చెయ్యి పట్టి ఆపింది. ముక్కు డాక్టరు చిన్న కొక్కెంతో క్షణంలో తీసేశారు, కానీ అప్పటికే గింజ తడికి ఉబ్బి ఉంది. ఊపిరిగొట్టంలోకి పోయుంటే కథ వేరే. పచ్చీసు, వామనగుంటలు, అచ్చనగాయలు, అన్నీ నాలుగైదేళ్లు వచ్చాకే. అప్పుడు వాటిని మించినవి లేవు.

మీ రెండు వేలకు నేనైతే ఒకదానిలో ఒకటి దూరే గిన్నెల సెట్టు, పెద్ద దిమ్మెలు, రెండూ ఐఎస్ఐ నంబరు చూసి. గరిటెలు నాలుగు. తోసుకుంటూ నడిచే మూడు చక్రాల చెక్క బండి, దొరికితే. లోపల కూర్చోబెట్టే చక్రాల వాకర్ ఎవరైనా ఇస్తామంటే వద్దనండి, దాంతో మెట్ల మీద నుంచి పడ్డ పిల్లలున్నారు. కెనడాలో 2004లోనే దాన్ని నిషేధించారు.

ఇప్పుడా ఫోను బొమ్మ. దాన్ని పాప నిద్రపోయాక తీసుకుని వెనక్కి తిప్పండి. మూతకు స్క్రూ ఉందా? ఉంటే చిన్న స్టార్ స్క్రూడ్రైవరుతో ఇంకో అర తిప్పు బిగించండి. మరీ బలంగా వద్దు, ప్లాస్టిక్ మర పోతుంది. స్క్రూ లేకుండా గోటికే మూత వస్తే సెల్లులు లెక్కపెట్టి తీసేసి, టేపు చుట్టి, పిల్లలకు అందని చోట పెట్టి, ఖాళీ ఫోను పాపకు ఇచ్చేయండి. మా వాడికి అట్నే ఇచ్చాను. రెండు రోజులు చెవి దగ్గర పెట్టుకుని చూసి, మూడో రోజు నుంచి వాడే పాడుకోవడం మొదలుపెట్టాడు.