వేపచెట్టు పేరు ఎవరిది?

ప్రశ్న: సార్, మా అత్తగారు ఇంట్లోనే పచ్చళ్లు, కారప్పొడులు చేసి అమ్మేవారు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. ఇంటి ముందు వేపచెట్టు ఉంది కాబట్టి కొనేవాళ్లే 'వేపచెట్టు పచ్చళ్లు' అనడం మొదలుపెట్టారు, మేమూ లేబుల్ మీద అదే వేయించాం. పోయిన సంక్రాంతి నుంచి ఇదే ఊళ్లో వేరేవాళ్లు 'కావలి వేపచెట్టు పచ్చళ్లు' అని అమ్ముతున్నారు. అవి బాగాలేవని జనం మాకు ఫోన్ చేసి తిడుతున్నారు. మాకు జీఎస్టీ, ఫుడ్ లైసెన్సు రెండూ ఈ పేరు మీదే ఉన్నాయి. అవి చాలవా? చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు, కావలి

జవాబు: చాలవమ్మా. జీఎస్టీ పన్ను కోసం, ఫుడ్ లైసెన్సు తినే సరుకు అమ్ముకోవడం కోసం. పేరు సంగతి చూసేది 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం. అయితే రిజిస్టర్ చేయించలేదు కాబట్టి అంతా పోయిందని మాత్రం అనుకోకండి.

తిరునెల్వేలిలో ఇరుట్టుకడై హల్వా అని ఉంది, తమిళంలో ఆ మాటకు చీకటి అంగడి అని అర్థం. వేరేవాళ్లు ముందు ఊరి పేరు తగిలించి 'తిరునెల్వేలి ఇరుట్టుకడై హల్వా' అన్నారు, అచ్చం మీ సంగతే. వాళ్ల చేతిలో రిజిస్ట్రేషన్ కూడా ఉంది. అయినా 2015లో సుప్రీం కోర్టు, ముందు నుంచి ఆ పేరుతో వ్యాపారం చేస్తున్నవాళ్ల హక్కే రిజిస్ట్రేషన్ కన్నా బలమైనదని చెప్పి అసలు అంగడి వైపే నిలబడింది. కాకపోతే ముందు నుంచీ వాడుతున్నామని నిరూపించుకోవాల్సింది మనమే, చాలామంది చిన్న వ్యాపారులు దెబ్బతినేది అక్కడే. కాబట్టి మీ అత్తగారి కాలం నాటి బిల్లు పుస్తకాలు, లేబుళ్లు అచ్చు వేయించిన ప్రెస్ రసీదులు, పార్సిల్ పంపిన చీటీలు, ఏవి దొరికితే అవి ఒకచోట పెట్టండి, పాతకాగితాలని పారేయకండి.

ఇంకో మాట, ఆ తిట్ల ఫోన్లు మీకు బాధగా ఉన్నా కేసులో చాలా పనికొస్తాయి. జనం వాళ్ల సరుకును మీదనుకుని మోసపోతున్నారనడానికి అంతకన్నా సాక్ష్యం ఏముంటుంది? వచ్చిన మెసేజీలు దాచండి, ఎవరు ఎప్పుడు చేశారో రాసిపెట్టుకోండి. అమృతధార, లక్ష్మణ్‌ధార అనే మందుల పేర్ల కేసులో కూడా సుప్రీం కోర్టు చూసింది ఇదే, మామూలు మనిషి సీసాలు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చుకోడు, లీలగా గుర్తున్న పేరుతో కొంటాడు.

ఇక రిజిస్ట్రేషన్. ముందు ట్రేడ్‌మార్కుల శాఖ వెబ్‌సైట్‌లో మీ పేరు వెతకండి, డబ్బులేమీ కట్టక్కర్లేదు. అవతలివాళ్లు ఇప్పటికే దరఖాస్తు పెట్టి ఉంటే అది ఆ శాఖ వాళ్లు ప్రచురించే ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో వచ్చిన నాలుగు నెలల లోపు అభ్యంతరం చెప్పాలి, ఆ గడువు దాటనివ్వకండి. సరుకుల్ని, సేవల్ని 45 తరగతులుగా విడదీశారు, పచ్చళ్లు 29లోకి, కారప్పొడులు 30లోకి వస్తాయి. ఆన్‌లైన్‌లో ఒక వ్యక్తికి తరగతికి 4,500 రూపాయలు, అంటే మీకు 9,000. మన రాష్ట్రం వాళ్ల దరఖాస్తులు చూసేది చెన్నై ఆఫీసు. ఎప్పటి నుంచి వాడుతున్నారో అఫిడవిట్ ఇవ్వాలి, పైన చెప్పిన కాగితాలు అందుకూ కావాలి. ఈలోగా మంచి వకీలుతో వాళ్లకు నోటీసు ఇప్పించండి, ఆలస్యం చేసేకొద్దీ ఇన్నాళ్లు ఎందుకు ఊరుకున్నారని మిమ్మల్నే అడుగుతారు.

ప్రశ్న: దరఖాస్తు పెట్టాను, బోర్డు మీద సున్నా చుట్టిన 'ఆర్' వేసుకోవచ్చా?
— ఒక పాఠకుడు, దర్శి

జవాబు: వద్దు తమ్ముడూ, అది రిజిస్ట్రేషన్ వచ్చాకే. రాకముందే వేసుకోవడం నేరం. ప్రస్తుతానికి 'టీఎం' (ట్రేడ్‌మార్క్) అని వేసుకోండి, దానికి అడ్డు లేదు. రిజిస్ట్రేషన్ వచ్చాక కూడా పదేళ్లకోసారి రెన్యువల్ ఉంటుంది.

ప్రశ్న: జిరాక్స్ అనేది కంపెనీ పేరని, అలా అనకూడదని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: కంపెనీ పేరన్న మాట నిజం, అనకూడదన్నది కాదు. డాల్డా, సర్ఫ్, జేసీబీ, అన్నీ అలా వచ్చినవే. ఏ కంపెనీది అయినా సరే, మట్టి తవ్వే బండి వస్తే మనం 'జేసీబీ వచ్చింది' అంటాం. ఇంట్లో, వీధిలో ఎలా పిలుచుకున్నా చట్టం పట్టించుకోదు, ఆ పేరు పెట్టి సొంత సరుకు అమ్మితేనే తంటా. నిజానికి భయం ఆ కంపెనీలకే ఎక్కువ. పేరు వస్తువుకే అంటుకుపోతే అది ఎవరి సరుకో చెప్పడం మానేస్తుంది, అప్పుడు హక్కూ పోతుంది. ఎస్కలేటర్ ఒకప్పుడు ఓటిస్ కంపెనీ సొంత పేరు, అమెరికాలో 1950లో పోగొట్టుకుంది. జిరాక్స్ ఇప్పటికీ ట్రేడ్‌మార్కే కాబట్టి అంగడి బోర్డు రాయించేటప్పుడు ఫొటోకాపీ అని రాయించడమే మంచిది.

ప్రశ్న: మేం చెక్క గరిటెలు, స్పూన్లు చేస్తాం. 'ఉదయగిరి' పేరు మా ఒక్కరికే రిజిస్టర్ చేయించుకోవచ్చా?
— ఒక పాఠకుడు, ఉదయగిరి

జవాబు: కుదరదు, కుదరకూడదు కూడా. ఉదయగిరి చెక్క గరిటెలకు, వెంకటగిరి చీరలకు భౌగోళిక గుర్తింపు ఉంది, అది అక్కడ ఆ పని చేసే చేతులన్నిటిదీ. మీరు ఆ పనివాళ్లే కాబట్టి అధీకృత వినియోగదారుగా, అంటే ఆ పేరు వాడుకునే హక్కు ఉన్నవాళ్లుగా, పేరు నమోదు చేయించుకోండి, అది నమోదు చేసే ఆఫీసు దేశం మొత్తానికి చెన్నైలోనే ఉంది. దాంతోపాటు మీ ఇంటి పనితనం గుర్తుపట్టేలా విడిగా ఒక పేరో బొమ్మో పెట్టుకుని దాన్ని ట్రేడ్‌మార్క్ చేయించండి, రెండూ ఒకే గరిటె మీద ఉండొచ్చు.