బూరె తిన్న పావుగంటకి

నాయనా,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి బాగుందనుకున్నాను, రెండోసారి కోపం వచ్చింది. నీ కథలో వదినకి బరువు తగ్గే ఆపరేషన్ అయింది, ఏడాదికి 40 కిలోలు తగ్గింది, పాత జాకెట్లన్నీ పనిమనిషికి ఇచ్చేసింది, అద్దం ముందు నిలబడి నవ్వుకుంది. అయిపోయింది. అక్కడ ఆపేశావేమయ్యా? ఆ తర్వాతి తొమ్మిదేళ్ళూ నేను బతుకుతున్నాను.

నాకూ అలాంటిదే, పొట్టకి చేసే బైపాస్ అయిందని నీకు తెలియదు. చాలామందికి తెలియదు. జొన్నరొట్టెలు తిని తగ్గాననుకుంటారు, నేనూ అవుననే అంటాను. (ఈ అబద్ధం కావాలంటే వాడుకో. మీ వదిన కూడా ఎవరో ఒకరి దగ్గర ఆడే ఉంటుంది.)

ముందు తప్పుల సంగతి. డాక్టరు "కొవ్వు తీసేశాడు" అని రాశావు. కొవ్వు తీసేది లైపోసక్షన్, అది వేరు. ఇది పొట్టకీ పేగుకీ చేసే పని. స్లీవ్ అయితే పొట్టలో ముప్పాతిక భాగం కోసేసి గొట్టంలా మిగులుస్తారు. బైపాస్ అయితే పైన 30 మిల్లీలీటర్ల చిన్న సంచి ఉంచి, చిన్నపేగుని పైకి తెచ్చి దానికి కుడతారు. అమెరికాలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్ 1966లో మొదలుపెట్టిన పద్ధతే, తర్వాత చాలా మారింది. మీ వదినకి ఏది చేశారో నువ్వు తేల్చుకోలేదు. తేల్చుకుని ఉంటే ఆవిడ చేత అన్నం మధ్యలో గ్లాసెడు మజ్జిగ గటగటా తాగించేవాడివి కాదు. తినేటప్పుడు మేం ఏమీ తాగం. తిన్నాక అరగంట ఆగుతాం. ఎండాకాలం పెళ్ళిళ్ళలో ఆ అరగంట ఎంత పొడుగో రాయి.

నా బూరె సంగతి చెబుతాను. ఆపరేషనైన రెండో ఏడు, మా ఆడపడుచు గృహప్రవేశం. విస్తట్లో పూర్ణం బూరె వేసి, చిల్లు పెట్టి నెయ్యి పోశారు. ఒక్కటే కదా అని తిన్నాను. పావుగంటకి గుండె దడ, జాకెట్టంతా చెమట, కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి. ఎవరికీ చెప్పకుండా సామాన్ల గదిలోకి పోయి బియ్యం బస్తాల మీద పడుకున్నాను. మా పెద్దత్తయ్య వెతుక్కుంటూ వచ్చి, "చిక్కి చక్కగా అయ్యావని అందరి కళ్ళూ నీ మీదే" అని ఎర్రనీళ్ళు తిప్పి పారబోసింది. నాకు వచ్చినదాన్ని డంపింగ్ అంటారు. తీపి పొట్టలో ఆగకుండా ఒక్కసారిగా పేగులోకి దిగిపోతుంది, ఒంట్లో నీరంతా అటు పరుగెడుతుంది. ఇంకో రకం ఉంది, అది తిన్న గంట నుంచి మూడు గంటల్లోపు వస్తుంది. ఇన్సులిన్ ఎక్కువ ఊరి షుగర్ పడిపోతుంది. షుగర్ వదిలించుకోవడానికి ఆపరేషన్ చేయించుకున్నదాన్ని, ఇప్పుడు హ్యాండ్‌బ్యాగులో గ్లూకోజ్ బిళ్ళలు పెట్టుకు తిరుగుతున్నాను.

డంపింగ్ అన్న మాట నీ కథలో రాకపోయినా నష్టం లేదు. గోతాం వీపుకి గరుగ్గా గుచ్చుకోవడం రావాలి. బయట పంక్తిలో ఎవరో "వదినగారికి ఇంకో బూరె వెయ్యండి" అంటుంటే వినబడడం రావాలి.

ఐదో ఏడు తెనాలి బస్టాండులో బస్సెక్కుతుంటే ఒక కుర్రాడు "అమ్మా, మీ చెప్పు" అని అందించాడు. చెప్పు కాలి నుంచి ఊడిపోతే నాకు తెలియలేదు. నవ్వుకున్నాను. ఆ నవ్వుకోవడం ఓ ఆరు నెలలు సాగింది. అరికాళ్ళు మొద్దుబారి, చీకట్లో గోడ పట్టుకుని నడిచే దశకి వచ్చాక చూపించుకుంటే బి12 విటమిన్ అడుగంటింది. అది ఒంటికి పట్టాలంటే పొట్ట గోడల్లో ఊరే పదార్థం ఒకటి తోడు కావాలి. నేను తిన్నది ఆ గోడల్ని తాకకుండానే పోతోంది. పైగా శాకాహారిని. ఇంజెక్షన్లతో చాలావరకు కుదుటపడింది కానీ ఎడమకాలి వేళ్ళు ఇప్పటికీ నావి కావు. ఆపరేషన్ చేసిన ఆసుపత్రి వాళ్ళు ఏడాదిపాటు ఫోన్లు చేశారు, నా ముందు ఫొటో, తర్వాత ఫొటో గోడకి తగిలించుకున్నారు. ఆ తర్వాత రక్తపరీక్షల ఊసెత్తలేదు. నేనూ పోలేదు. ఆ తప్పు చెరిసగం.

మిగతావి క్లుప్తంగా. జుట్టు నాలుగో నెలలో దువ్వెన నిండా వచ్చింది, మళ్ళీ మొలిచింది. ఐరన్‌కీ కాల్షియంకీ తోడికోడళ్ళ వైరం, రెండు గంటల ఎడం ఉండాలి, కాఫీ ఐరన్ దరిదాపులకి రాకూడదు. మోకాలికని మందుల షాపువాడిచ్చిన నొప్పిబిళ్ళలు పదిరోజులు మింగితే లోపల పొట్టనీ పేగునీ కలిపిన కుట్టు దగ్గర పుండు పడింది. విరేచనం తారులా నల్లగా అయ్యేదాకా ఇంట్లో చెప్పలేదు. తగ్గిన 38 కిలోల్లో 11 మళ్ళీ వచ్చాయి. వాటి గురించి చుట్టాలు మాట్లాడినంత డాక్టర్లు కూడా మాట్లాడలేదు.

ఇదంతా చదివి రెండో ప్రతిలో మీ వదినని చంపెయ్యకు. అది ఇంకా తేలిక కథ, డబ్బు పోసి కోయించుకుంది, అనుభవించింది అని జనం చంకలు గుద్దుకుంటారు. నేను ఇన్సులిన్ మానేశాను. మూడంతస్తులు ఆయాసం లేకుండా ఎక్కుతాను. మళ్ళీ ఆ కాగితం ముందు పెడితే మళ్ళీ సంతకం చేస్తాను, కాకపోతే ఈసారి చదివి చేస్తాను. ఈ మాట, బస్తాల మీద పడుకున్న మాట, రెండూ ఒకే మనిషివిగా కనబడాలి. నీకు అక్కడే కష్టం. నాకూ చేతకాలేదు, అందుకే తొమ్మిదేళ్ళుగా ఒక్క కథా రాయలేదు.

మీ వదినని "ఎన్ని కిలోలు తగ్గావు" అని అడక్కు. పక్కన కూర్చుని కంచం చూడు. ఏ ముద్ద దగ్గర ఆగుతుందో, ఆగినప్పుడు ఎటు చూస్తుందో.

వచ్చే ఆదివారం భోజనానికి రా. ఒక్క ఇడ్లీ నాకు 20 నిమిషాలు పడుతుంది, నువ్వు మాట్లాడుతూ ఉండు. రెండో ప్రతి తెచ్చుకో. ఆ జాకెట్లు తీసుకున్న పనిమనిషి, అవి తనకి వదులని కుట్టు వేసుకోవడం బాగుంది. ఆవిణ్ణి మాత్రం తీసెయ్యకు.

ఆశీస్సులతో,
నువ్వు 'అమ్మగారూ' అని పిలిచే పెద్దావిడ