ఇల్లూ వాకిలీ: కంపెనీ పంపిన రూఫరు

ప్రశ్న: పోయిన నెల వడగళ్లకి మా రూఫు పాడైంది. ఇన్సూరెన్సు వాళ్లు “మా నెట్‌వర్కు కాంట్రాక్టర్ని పంపిస్తాం, పనికి గ్యారంటీ మాది” అంటున్నారు. ఈలోగా తలుపు కొట్టిన ఇంకో రూఫరు “డిడక్టిబుల్ సంగతి నేను చూసుకుంటా, మీ జేబులోంచి పైసా కదలదు” అన్నాడు. మావారికి రెండోవాడు నచ్చాడు. కంపెనీ మనిషిని వద్దంటే క్లెయిము పోతుందా?
— ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: ముందు ఆ రెండోవాణ్ణి మర్యాదగా పంపించేయండి. డిడక్టిబుల్ (క్లెయిములో మన వాటాగా మనం కట్టాల్సిన డబ్బు) మాఫీ చేస్తాననడం 2019 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్‌లో నేరం. ఇంటికి 5 లక్షల డాలర్ల కవరేజీ, వడగళ్లకి 2 శాతం డిడక్టిబుల్ అనుకోండి, 10,000 డాలర్లు మీరు కట్టాల్సిందే. వాడు అంత డబ్బు వదులుకుంటాడా? బిల్లు పెంచుతాడు, లేదా సరుకు తగ్గిస్తాడు. మీరు కట్టినట్టు రుజువు చూపమని కంపెనీ అడగొచ్చు కూడా.

ఇక కంపెనీ మనిషి. వద్దన్నంత మాత్రాన క్లెయిము పోదు. కాకపోతే పాలసీ ఒకసారి తిరగేయండి. ఫ్లోరిడాలో కొన్ని పాలసీల్లో బాగుచేయించే హక్కు కంపెనీదేనని రాసుంటుంది. మీ పాలసీలో అలాంటి మెలిక లేకపోతే, ఎవరిచేత చేయించుకోవాలన్నది మీ ఇష్టం. టెక్సాస్‌లో రూఫర్లకి రాష్ట్ర లైసెన్సంటూ లేదు కాబట్టి, బయటివాణ్ణి పెట్టుకుంటే వాడి ఇన్సూరెన్సు కాగితం, ఊళ్లో చేసిన పాత పనులు చూసుకోండి.

ప్లేనోలో మా ఇంటికి కంపెనీ పంపినవాడే వచ్చాడు. రెండ్రోజుల్లో షింగుల్స్ (రూఫు మీద పరిచే పలకలు) చక్కగా వేసి వెళ్లాడు. తర్వాత మా అబ్బాయి నిచ్చెనేసుకుని ఫోటోలు తీస్తే, పైపుల చుట్టూ ఉండే రబ్బరు బూట్లు పాతవే! పగుళ్ల మీద పెయింటు కొట్టేశాడు. అడిగితే “ఎస్టిమేటులో లేవు మేడమ్” అన్నాడు. నిజమే, లేవు. నేను ఆ కాగితంలో చివర డాలర్ల అంకె చూసి సంతకం పెట్టేశాను. అయితే గ్యారంటీ మాట ఉత్తుత్తిది కాలేదు లెండి. కంపెనీకి ఫోను మీద ఫోను చేస్తే మూడు వారాలకి మళ్లీ వచ్చి మార్చారు. బయటివాడైతే ఈపాటికి ఇంకో ఊళ్లో, ఇంకో వడగళ్ల వాన వెనక ఉండేవాడు.

కాబట్టి ఎవరు చేసినా, అడ్జస్టరు (నష్టం లెక్కగట్టే ఇన్సూరెన్సు మనిషి) రాసిన ఎస్టిమేటు మొత్తం తెప్పించుకుని వరసగా చదవండి. షింగుల్స్ ఎన్ని స్క్వేర్లు (100 చదరపు అడుగులొక స్క్వేరు), బూట్లు, వెంట్లు, గట్టర్లు, ఏసీ వెనక నొక్కుకుపోయిన రేకులు, అన్నీ ఉన్నాయా? ఏదైనా వదిలేస్తే పని మొదలవకముందే ఫోటోలతో అదనపు ఎస్టిమేటు అడగండి.

డబ్బు ఒక్కసారి రాదు. కొత్తది వేయడానికయ్యే ఖర్చిచ్చే పాలసీల్లో సాధారణంగా రూఫు పాతబడినందుకు తరుగుదల పట్టుకుని మొదటి చెక్కిస్తారు, పని పూర్తయిన బిల్లు పంపాక మిగతాది. దానికి గడువుంటుంది, అడిగి రాసిపెట్టుకోండి. చెక్కు మీద ఇంటికి లోన్ ఇచ్చిన కంపెనీ పేరూ ఉండొచ్చు, వాళ్ల సంతకానికే వారాలు పడుతుంది.

అన్నట్టు, పని అయ్యాక లాన్ మీద అయస్కాంతం రెండుసార్లు తిప్పించండి. మా మనవడి సైకిలు టైరులో దొరికిన మేకు ఇంకా నా డ్రాయర్లోనే ఉంది.